మూర్ఛకు ముందటి గడియ

పేరు చెప్పుటకు జంకెడి రోగములు మన యిండ్లలో కొన్ని కలవు. వానిలో మూర్ఛరోగము మొదటిది. జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారికి చెప్పుకొందుము. కాలు విఱిగినచో పరామర్శకు వచ్చినవారికెల్ల విసుగులేక వర్ణింతుము. మూర్ఛ వచ్చినచో మాత్రము తలుపు మూసికొందుము.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో నా తరగతియందు పండ్రెండేండ్ల బాలిక యొకతె యుండెను. చదువులో చుఱుకైనది. ఒక దినమున నేను లెక్కలు చెప్పుచుండగా నా బల్లయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఇంటికి వెళ్తానండీ, వచ్చేట్టుంది” అనెను. ఏమి వచ్చునది యని యడుగవలెనన్న బుద్ధి నాకు పుట్టలేదు. లెక్క తప్పించుకొనుటకు పన్నిన యుపాయమని తలచి, పోయి కూర్చుండుమని గద్దించితిని. రెండు నిమిషములు గడవక మునుపే యా బిడ్డ నేలపై బడి కొట్టుకొనజొచ్చెను. ఎవరో తాళపుచెవుల గుత్తి తెచ్చి పిడికిట నుంచిరి. మఱియెవరో ఉల్లిపాయ నలిపి ముక్కుకడ పెట్టిరి. తేఱుకొనిన పిమ్మట ఆమె పలికిన మొదటి మాట, “ఎవరితోనూ చెప్పకండి మాస్టారూ” అనునది. వారము తిరుగక మునుపే తల్లిదండ్రులామెను బడి మాన్పించిరి. నలుగురికి తెలిసినచో సంబంధములు తప్పిపోవునని వారి భయము.

రాబోవు దానిని ఆ బాలిక ముందుగనే యెఱిగెను. ఎఱిగి నాతో చెప్పెను. చదువుకొన్న నేను వినలేదు. మూర్ఛకు ముందు వచ్చెడి యా గడియను గూర్చి మనుష్యు లేమేమి తెలిసికొనిరో, తెలిసికొని దానిని నివారించుట కెట్లు పాటుపడిరో నాటినుండి చదువుచు వచ్చితిని. ఆ చరిత్రమునే యిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాను.

మన వైద్యశాస్త్రమున ఈ రోగమునకు అపస్మారమని పేరు. స్మృతి తొలగుట యని దాని భావము. చరకసంహితయందు నిదానస్థానమున నొక యధ్యాయమును, చికిత్సాస్థానమున నొక యధ్యాయమును దీనిని గూర్చి కలవు. వాత పిత్త కఫములచేత వేర్వేరుగ మూడును, అవి కలియుటచేత నొకటియు నని రోగమును నాలుగు విధములుగ విభజించిరి. ఈ దోషవిభాగమును నేటి నాడీశాస్త్రము గ్రహింపలేదు. భూతాదులవలని సంబంధమును సైతము ఆ గ్రంథము బొత్తిగ త్రోసివేయలేదు. అయినను అందు రోగమునకు పూర్వరూపములను పేర, అనగా రోగము పైబడుటకు ముందు కనబడెడి గుర్తులని, యొక పట్టిక కలదు. కనుబొమలు చలించుట, కన్నులు వికారముగ తిరుగుట, లేని శబ్దము వినబడుట, చొంగ కాఱుట, అన్నము సహింపకుండుట, కడుపు ఉబ్బరించుట, కన్నులకు చీకటి క్రమ్ముట మొదలగునవి యందు చెప్పబడినవి. రోగిచెంత కూర్చుండి చూచినవాడు తప్ప మఱియొకడు వ్రాయజాలని పట్టిక యిది. అంతియకాదు. దోషములు పక్షమునకో, పండ్రెండు దినములకో, మాసమునకో ప్రకోపించి మూర్ఛను దెచ్చునని కూడ అందే చెప్పబడినది. ఈ లెక్కను చదువరులు జ్ఞప్తియందుంచుకొన వేడెదను. వ్యాసము చివర దీనితో మరల పని గలుగును.

గ్రీకుదేశమున క్రీస్తుకు పూర్వము 400వ సంవత్సర ప్రాంతమున హిప్పొక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి యీ రోగమునకే యేర్పడినది. ఆ దేశీయులు దీనిని పవిత్రరోగమనుచుండిరి. దేవత యెవరో ఆవేశించుటచే వచ్చునని వారి నమ్మకము. ఇతర రోగములకంటె దీనియందు దైవికమేమియు లేదనియు, దీని స్థానము మెదడనియు ఆ గ్రంథకర్త వాదించెను. ఆ వాదముకంటె నన్ను కదల్చిన భాగమొకటి యందు కలదు. రోగమున కలవాటుపడినవారు దాని రాకను ముందుగ నెఱుగుదురు. ఇల్లు చేరువనున్నచో ఇంటికిని, లేనిచో జనములేని చోటికిని పరుగెత్తి ముసుగు వేసికొందురు. అది దైవభీతిచేత కాదు, సిగ్గుచేత. పసిబిడ్డలు మాత్రము తల్లియొద్దకో, తమకు చనవుగల వారియొద్దకో పరుగెత్తుదురు, వారి కింకను సిగ్గన నేమో తెలియదు అని యాతడు వ్రాసెను. 2400 ఏండ్ల క్రిందటి యీ మాటలు చదివినప్పుడు నా బల్లయొద్దకు వచ్చి నిలిచిన బాలిక నాకు జ్ఞప్తికి వచ్చెను.

క్రీ. శ. రెండవ శతాబ్దిలో గేలెనను వైద్యుడు పదుమూడేండ్ల బాలుని వృత్తాంతమును వ్రాసియుంచెను. తనకు పిక్కయందేదో మొదలై తొడమీదుగ, ప్రక్కమీదుగ, మెడవఱకు ప్రాకి తలకెక్కుననియు, ఆపై తనకేమియు తెలియదనియు నా బాలుడు చెప్పెను. అది చల్లని గాలివలె నుండునని మఱియొక యువకుడు చెప్పెను. గ్రీకుభాషలో అట్టి పిల్లగాలికి ‘ఆరా’ యని పేరు. నేటికిని వైద్యులు మూర్ఛకు ముందటి యనుభవమును ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ఆరా యనునది మూర్ఛకు ముందు వచ్చెడి వేఱొక వస్తువు కాదనియు, మెదడులో నొక మూల అప్పటికే మొదలైన మూర్ఛయే యనియు నేడు తెలిసినది. అది కొందఱికే కలుగును. కలిగినను అది యిచ్చు వ్యవధి కొన్ని క్షణములు, లేక నిమిషములు మాత్రమే.

అటుపిమ్మట అనేక శతాబ్దులవఱకు చెప్పదగిన వృద్ధి లేదు. అన్ని దేశములందును మంత్రగాండ్రే వైద్యులైరి. 1857వ సంవత్సరమున లండనులోని యొక వైద్యసభలో విక్టోరియా రాణిగారి ప్రసూతివైద్యుడైన సర్ చార్లెస్ లోకాక్ పొటాసియం బ్రోమైడును వాడి కొందఱు స్త్రీల మూర్ఛలను నిలిపితినని చెప్పెను. ఆతడు దానిని వాడుటకు చెప్పిన కారణము తప్పు. స్త్రీల ఋతుధర్మమునకును వారి మూర్ఛకును గల సంబంధమును గూర్చిన యొక యూహపై నాతడది యిచ్చెను. కారణము తప్పైనను ఫలము నిజమయ్యెను. మందకొడితనము, చర్మముపై పొక్కులు మొదలగు బాధలున్నను, మూర్ఛను నిజముగ తగ్గించిన మొదటి మందు అదియే.

1873లో ఇంగ్లండునందే హ్యూలింగ్స్ జాక్సన్ అను వైద్యుడు, మూర్ఛ యనగా మెదడులోని బూడిదరంగు పదార్థమున నొకచోట ఆకస్మికముగ, మితిమీరి, వేగముగ శక్తి విడుదల యగుటయే యని నిర్వచించెను. దీనిని సామాన్యభాషలో నిట్లు చెప్పవచ్చును. మెదడు ఒక పెద్ద సంత. కోట్లకొలది కణము లందు తమతమ పనులమీద నెవరిమాట వారు మాటలాడుకొనుచుండును. ఆ గుసగుసల కలయికయే మన తెలివి. ఎప్పుడైన నొకమూల కొన్ని కణములు ఒక్కమాఱుగ ఒకే కేక వేయనారంభించి, ఆ కేక సంతయంతయు వ్యాపించినచో, అదియే మూర్ఛ. ఆ కేక దూతలు మోయు మాట కాదు, విద్యుత్తు. 1875లో లివర్పూలునందు రిచర్డ్ కేటన్ కుందేళ్ల మెదళ్లమీదను, కోతుల మెదళ్లమీదను విద్యుత్ప్రవాహములను కనుగొని ప్రకటించెను. ఇక మనుష్యుని మెదడులోని విద్యుత్తును పుఱ్ఱె విప్పకయే వినుట యెట్లన్న ప్రశ్న మిగిలెను.

దాని కుత్తరము చెప్పినవాడు జర్మనీలోని యేనా నగరమందలి మనోవైద్యుడు హాన్స్ బెర్గర్. ఈతడు యువకుడై సైన్యమున నుండగా గుఱ్ఱముమీదనుండి పడి తృటిలో చావు తప్పించుకొనెను. దూరముననున్న సోదరి ఆ దినముననే కీడు శంకించి తంతి నంపించెనట. ఒక మనస్సునుండి మఱియొక మనస్సునకు వార్త యెట్లు చేరునో కనుగొనవలెనని యాతడు మెదడును పరిశోధింప నారంభించెను. అది యాతనికి దొరకలేదు. 1924లో మనుష్యుని తలనుండి విద్యుత్తరంగములను గ్రహించి, అయిదేండ్లు తన్ను తాను శంకించుకొని, 1929లో ప్రకటించెను. పెక్కుమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జియందు ఏడ్రియన్, మాథ్యూస్ అను పండితులు ఆ పరీక్షను మరల చేసి నిజమని నిరూపించిన పిమ్మట లోక మంగీకరించెను. నేడు మన పట్టణముల ఆసుపత్రులలో ఈ.ఈ.జీ. యని వ్యవహరింపబడు పరీక్ష యిదియే.

1935లో బోస్టనుయందు గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అను ముగ్గురు దీనితో నొక వింత కనుగొనిరి. కొందఱు పిల్లలు క్రింద పడరు, కొట్టుకొనరు; కొన్ని క్షణములపాటు శూన్యముగ చూచి మరల మామూలగుదురు. ఆ క్షణములలో మెదడునుండి సెకనుకు మూడుమార్లు చొప్పున లయతప్పని ముల్లును అలయు గలసిన గీత వెలువడునని వారు చూపిరి. బడిలో ఇట్టి బిడ్డలను పరధ్యానమని మేము దండించుచుందుము. నా తోడి యుపాధ్యాయులు ఈ యొక్క సంగతి గుర్తుంచుకొన్నను ఎందఱో బిడ్డలకు మేలగును.

ఈలోపల మందులు వృద్ధియయ్యెను. 1912లో జర్మనీయందు ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అను యువవైద్యుడు రోగులను నిద్రపుచ్చుటకై ఫినోబార్బిటాలును వాడి, దానివలన మూర్ఛలు తగ్గుటను కనిపెట్టెను. మన యిండ్లలో గార్డినాల్ అను పేర నెఱిగిన బిళ్ల యిదియే. యూదు డగుటచే నాతడు తరువాత నాజీల యేలుబడిలో కొలువు పోగొట్టుకొని, చెఱయందుండి, అమెరికాకు తరలిపోవలసివచ్చెను. 1938లో బోస్టనులోని మెరిట్, పట్నం అను నిరువురు పిల్లులకు విద్యుత్తుచే మూర్ఛ కలిగించి, దాని నడ్డగింపగల మందులను పరీక్షించి, ఫెనిటాయినును గుర్తించిరి. నిద్రమత్తు అంతగ కలిగింపకయే మూర్ఛను ఆపవచ్చునని దీనివలన తేలెను.

మందులున్నను కొందఱికి మూర్ఛలు ఆగవు. అట్టివారికి మూర్ఛకంటె అది యెప్పుడు వచ్చునో తెలియకుండుటయే యెక్కువ బాధ. నీళ్లు తోడుటకు నూతికడకు పోవలెనన్న భయము, పొయ్యిముందు కూర్చుండవలెనన్న భయము, బిడ్డ నెత్తుకొనవలెనన్న భయము. కేకకు ముందు సంతలో నేదైన సూక్ష్మమైన మార్పుండునా, దానిని యంత్రము పసిగట్టునా యని 1970 తరువాత పండితులు విచారింప దొడగిరి. 1990 ప్రాంతమున అమెరికాలో ఐయసెమిడిస్, సాకెల్లారెస్ అనువారు గణితశాస్త్రమునందలి క్రొత్త పద్ధతులచే, మూర్ఛకు ముందు మెదడు తరంగములలోని యక్రమత తగ్గునని చెప్పిరి. 1998లో జర్మనీ, ఫ్రాన్సు దేశములనుండియు అట్టి ఫలితములే వెలువడెను. సమస్య తీఱినట్లే యని యనేకులు తలచిరి.

తీఱలేదు. 2002లో బాన్ నగరమున పండితులు కూడి, ఒకే రోగుల లెక్కలమీద తమతమ పద్ధతులను పరీక్షించుకొనిరి. దీర్ఘకాలపు లెక్కలమీద పెక్కు పద్ధతులు నిలువలేదు. లోపము సులభముగ బోధపడునదే. మూర్ఛకు ముందటి గంటలయందు వారు మార్పును వెదకి చూచిరి. మూర్ఛ రాని సామాన్యదినములలో అదే మార్పు ఎన్నిమార్లు కనబడునో చాలినంత చూడలేదు. ప్రతిదినము వాన వచ్చునని చెప్పు జోస్యుడు వాన కురిసిన దినములను మాత్రమే లెక్కించి తన విద్య ఫలించెననుకొనుట వంటిదిది. కాని జోస్యునికిని వీరికిని భేదమొకటి కలదు. వీరు తమ యోటమిని తామే లెక్కగట్టి, 2007 నాటికి తమ పత్రికలలో తామే ప్రకటించుకొనిరి. యంత్రములకంటె ఈ గుణమునే మనము విదేశములనుండి ముందుగ తెచ్చుకొనవలసియున్నది.

ఆపై 2010లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున మార్క్ కుక్ అను వైద్యుని యాధ్వర్యమున నొక గొప్ప పరీక్ష మొదలయ్యెను. మందులకు లొంగని మూర్ఛగల పదునైదుమందికి పుఱ్ఱె లోపల, మెదడుమీద, సన్నని ఎలక్ట్రోడులమర్చి, తీగను చర్మము క్రింద ఱొమ్మువఱకు తెచ్చి యొక యంత్రమునకు కలిపిరి. అది చేతిలో నుంచుకొను పెట్టెకు వార్త నంపును. పెట్టెపై మూడు దీపములు. నీలమైనచో అపాయము తక్కువ, తెలుపైనచో మధ్యమము, ఎఱుపైనచో మూర్ఛ రాదగును. 2013లో ఫలితములు ప్రకటింపబడెను. సూచన పనిచేసిన వారిలో రోగినిబట్టి 65 శాతము మొదలు 100 శాతము వఱకు మూర్ఛలు ముందుగ తెలిసినవి. కొందఱికి అది పనిచేయలేదు. కొందఱికి శస్త్రచికిత్సవలన బాధలు కలిగెను. పలువురు తమకు వచ్చుచున్న మూర్ఛల సంఖ్యను తామే యెఱుగరనియు బయటపడెను. మూర్ఛను ముందుగ చెప్పుట అసాధ్యము కాదని మొదటిసారి స్థిరపడినది.

ఆ పదునైదుమందిలో నొక స్త్రీకి పసితనమునుండి మూర్ఛలుండెను. ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు ముందుగ మందు వేసికొని ఆమె మూర్ఛలను తప్పించుకొన గలిగెను. ఒంటరిగ వెలుపలికి పోగలిగెను. యంత్రము తనలో నొక భాగమైనదని యామె చెప్పెను. ఇంతలో దానిని చేసిన సంస్థకు ధనము చాలక మూతపడెను. యంత్రములను తీసివేయవలసివచ్చెను. దానిని తనకే యుంచుడని, ఇల్లు తాకట్టుపెట్టియైనను వెల యిచ్చుకొందుమని ఆమెయు భర్తయు వేడిరి. లాభము లేకపోయెను. చివరకు తీయించుకొనినది ఆమెయే. ఒక మనుష్యునికి ముందుచూపు నొసగి, మరల దానిని లాగికొను హక్కు ఎవరిది? విజ్ఞానము పెరిగినంతమాత్రమున ధర్మము పెరుగదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

ముందుగ చెప్పుట యిట్లుండగా, నివారించు యంత్రములు వేఱుదారిన నడచెను. మెడయందలి వేగస్ నాడికి కొలదికొలదిగ విద్యుత్తు నిచ్చు యంత్రమును 1988లో మొదటిసారి మనుష్యునికి అమర్చిరి. 1997లో అమెరికా ప్రభుత్వము దాని నంగీకరించెను. 2013లో అంగీకరింపబడిన మఱియొకటి పుఱ్ఱెయందే కూర్చుండి మెదడును వినుచు, కేక మొదలగుటతోడనే స్వల్పవిద్యుత్తుచే దాని నణచును. తొమ్మిదేండ్లు దానిని ధరించినవారిలో మూర్ఛలు సుమారు ముప్పాతిక వంతు తగ్గినట్లు 2020లో ప్రకటించిరి. 2018లో వచ్చిన చేతికడియము మూర్ఛను ముందుగ చెప్పదు, ఆపదు. వచ్చినప్పుడు దూరముననున్న బంధువునకు తెలుపును.

ఆ పుఱ్ఱెలోని యంత్రము ఏండ్లతరబడి వ్రాసిన లెక్కలనుండియే మఱియొక రహస్యము బయల్పడెను. 2018లో మాక్సిమ్ బో మొదలగువారు 37 మంది రోగుల లెక్కలను పరిశీలించి, మూర్ఛలు యాదృచ్ఛికములు కావనియు, పలువురిలో ఇరువది ముప్పది దినముల కొకమాఱు వృద్ధిక్షయములు పొందు చక్రముండుననియు, అది ఒక్కొక్కరికొక్క తీరుగ నుండుననియు చూపిరి. ఇప్పుడు పండితులు జోస్యము చెప్పుట మాని, వాతావరణ సూచనవలె, ఈ వారము అపాయమింత యని చెప్ప యత్నించుచున్నారు. చరకుని పక్షమును, పండ్రెండు దినములును, మాసమును ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అన్నియు మనవారు ముందే కనుగొనిరని గర్వించుటకు నే నీ మాట చెప్పుట లేదు. వారు చూచిరి, కొలువలేదు. వారి తరువాత వచ్చిన మనము ఆ శ్లోకములను వల్లించితిమి, రోగిని చూచుట మానితిమి.

ఇక మన యింటి సంగతి. ప్రపంచమున సుమారు అయిదుకోట్లమందికి ఈ రోగము కలదనియు, సరిగ గుర్తించి మందిచ్చినచో నూటికి డెబ్బదిమంది వఱకు మూర్ఛలు లేక బ్రతుకవచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అనగా పెక్కుమందికి కావలసినది పుఱ్ఱెలో యంత్రము కాదు. దినదినము తప్పక వేసికొను చవుకబిళ్ల. దాని కడ్డుపడునది సిగ్గు. ఈ సిగ్గునకు చట్టము సైతము తోడ్పడినది. 1976 నాటి సవరణచే హిందూవివాహచట్టమునందు, తఱచు వచ్చు ఉన్మాదముతో జతగ మూర్ఛయు వివాహమునకు ప్రతిబంధకముగ చేర్చబడెను. 1999లో ఆ మాటను తొలగించిరి. బ్రిటనులో అట్టి నిషేధము 1970 వఱకు నుండెను. చట్టమునుండి మాట పోయినది గాని పెండ్లిచూపుల చావడినుండి పోలేదు. కోడలి మందుబిళ్లలు బియ్యపుడబ్బాలో దాగుచున్నవి. దాచిన మందు తప్పును. తప్పినచో మూర్ఛ వచ్చును.

మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. తలక్రింద మెత్తని వస్త్రముంచుడు. నోట ఏమియు పెట్టకుడు, నీళ్లు పోయకుడు, కాలుచేతులు బిగబట్టకుడు. గడియారము చూడుడు, అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి కొనిపొండు. తాళపుచెవులు పెట్టవలదు. సామాన్యముగ మూర్ఛ రెండుమూడు నిమిషములలో తనంత తానే ఆగును. ఆగిన కీర్తి చేతిలోని యినుమునకు దక్కుచున్నది. పైన చెప్పిన జోస్యుని వాన యిదియే.

శాస్త్రజ్ఞులు ఎఱ్ఱదీపమును ఇంకను మెఱుగుపఱచుదురు గాక. అది మన యిండ్లకు చేరునప్పటికి, దీపము వెలిగినదని నలుగురిలో చెప్పుకొన జంకనియట్టి యిల్లును మనము సిద్ధపఱచియుండవలెను. లేనిచో ఆ పెట్టెయు బియ్యపుడబ్బాలోనికే పోవును. నా తరగతిలోని బాలికకు ఏ యంత్రమును లేకయే ముందుగ తెలిసినది. ఆమెకు లేకపోయినది వినెడి యుపాధ్యాయుడు, దాపని తల్లిదండ్రులు. వీరిని చేయుటకు మెల్బోర్ను పండితు లక్కఱలేదు, మనమే చాలుదుము.